రాహేలు టీచర్ ఇంట్లో సెంటర్ స్పీకర్

గేటు ముందు ఆగి ఉన్న బండిని చూడగానే పరమేశ్ కాలు తనకు తెలియకుండానే బ్రేకు మీద పడింది. వెనక సీటుకు పెద్ద నల్లసంచి కట్టి ఉంది. నంబరు ప్లేటు పైన ఎర్ర స్టిక్కరు మీద ‘జాన్సన్ ఆడియో, నర్సాపూర్’ అని తెల్ల అక్షరాలు.

రాహేలు టీచర్ నిన్న ఫోన్ చేసినప్పుడు ఇంకొకరిని కూడా పిలిచానని చెప్పలేదు. లేక చెప్పిందేమో, తనకే వినబడలేదేమో. ఈ మధ్య ఫోన్‌లో మాటల్ని పరమేశ్ సగం విని సగం ఊహించుకుంటున్నాడు. పదకొండుకు రమ్మందో పన్నెండుకు రమ్మందో తేల్చుకోలేక పదిన్నరకే బయల్దేరి వచ్చాడు. "ఇవాళతోటి ఈ సంగతి తేలిపోవాలె పరమేశ్" అన్న ఆఖరి మాట మాత్రం బాగా వినబడింది. ఆ మాట ఆమె గట్టిగా అంది.

పరమేశ్‌కు నలభై మూడేళ్లు. రాందాస్ చౌరస్తా దగ్గర చిన్న షాపు. మెదక్‌లో అతని ఇంటిపేరు ఎవరికీ తెలియదు, సౌండ్ పరమేశ్ అంటేనే తెలుస్తుంది. ఇరవై ఏళ్లు డీజే స్పీకర్ డబ్బాలు కిరాయికి తిప్పాడు. బోనాలు, బరాత్‌లు, నిమజ్జనాలు, ఏది వచ్చినా డీసీఎం వ్యాను వెనక డబ్బాల మధ్యనే నిలబడి రాత్రంతా నడిపించాడు. ఎనిమిది డబ్బాలు ఒక్కసారి మోగుతుంటే, వాటిలో ఏది పాడైందో రోడ్డుకు అవతల నిలబడి చెప్పేవాడు. ఆ పేరు మీదే, డీజే పని తగ్గాక ఇళ్లల్లో హోం థియేటర్లు పెట్టడం మొదలుపెట్టాడు. బంగళాలు కట్టుకున్నవాళ్లు టేక్మాల్ నుంచి కూడా వచ్చి అతన్నే పిలిచేవారు.

రాహేలు టీచర్ కూడా ఆ పేరు వినే వచ్చింది. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. మేడ మీద గది ఒకటి సినిమాల కోసమే కట్టించుకుంది. షాపులో కూర్చుని ఒక్కటే మాట చెప్పింది.

"నాకు బాంబులు దద్దరిల్లొద్దు పరమేశ్. మనుషులు మాట్లాడుతుంటే ఒక్కొక్క అక్షరం వినబడాలె. తెలుగు సినిమాకు కింద ఇంగ్లిష్‌ల చదువుకునే ఖర్మ నాకెందుకు?"

పక్కనే ఉన్న ఆమె భర్త సాల్మన్ రాజు, కరెంటాఫీసులో చేసి రిటైరైన మనిషి, ఛాతీ ఎత్తున్న టవర్ స్పీకర్ల చుట్టూ తిరుగుతున్నాడు. పరమేశ్ ఆయన్ని వాటి దగ్గర్నించి లాక్కొచ్చాడు. సినిమాలో మాట దాదాపు అంతా టీవీ కింద పెట్టే మధ్య స్పీకర్‌లోంచే వస్తుందనీ, పక్కన ఉండే రెండూ పాటకూ చప్పుడుకేననీ, అందుకని పక్కవి చిన్నవి తీసుకుని సెంటర్‌ది మాత్రం మంచిది తీసుకోమనీ చెప్పాడు. సలహా సరైనదే. సాల్మన్ రాజు మొహం మాడ్చుకున్నా టీచర్ పరమేశ్ మాటే పట్టుకుంది.

పెట్టిన మూడోరోజే ఫోన్ వచ్చింది. మాట గుహలోంచి వచ్చినట్టుందంది. పరమేశ్ వెళ్లి విన్నాడు. అతనికీ మాట మందంగా, గుడ్డ అడ్డం పెట్టినట్టు వినబడింది. సెట్టింగుల్లో ట్రెబుల్, అంటే సన్నటి సౌండ్, పెంచి, ఇప్పుడు బాగుందని వచ్చేశాడు. వారానికి మళ్లీ ఫోన్. ఈసారి మాట చెవులను గీస్తోందంది. అతనికి మాత్రం ఇంకా మందంగానే ఉంది. ఇంకా పెంచాడు. "ఇప్పుడు ఫస్ట్ క్లాస్ టీచర్" అన్నాడు. ఆ రోజు సాల్మన్ రాజు చెవి పక్కన చెయ్యి అడ్డం పెట్టుకుని తనకేసి వింతగా చూడటం పరమేశ్ చూశాడు. చూసి కూడా బ్యాగు సర్దుకున్నాడు.

ఆ తర్వాత పదిరోజులకు షాపులో ఒక సంగతి జరిగింది. బల్ల మీద మైకూ ఆంప్లిఫయరూ పెట్టుకుని వైరు అతుకుతున్నాడు. లోపలికి అడుగుపెట్టిన మనిషి రెండు చేతులతో చెవులు మూసుకుని, "ఏందన్నా గీ కీచుడు, బంద్ చెయ్!" అని అరిచాడు. పరమేశ్ చుట్టూ చూశాడు. అతనికి ఏ కీచూ వినబడలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, బయట ఆటోల చప్పుడు, అంతే. మైకు పక్కనున్న స్పీకర్‌కు ఎదురుగా ఉండటం చూసి, అలా ఉంటే కీచుమంటుందని గుర్తొచ్చి చటుక్కున స్విచ్ ఆపేశాడు. వచ్చినవాడు చెవులు వదిలేశాడు. "టెస్టింగ్ చేస్తున్న" అన్నాడు పరమేశ్.

ఆ సంగతి భార్య యాదలక్ష్మికి కూడా చెప్పలేదు. సౌండ్ పరమేశ్‌కు సౌండ్ వినబడదన్న మాట చౌరస్తా దాటితే షాపు మూసుకోవాల్సిందే.

ఇప్పుడు టీచర్ ఇంటి మెట్లెక్కుతుంటే పైనుంచి బుర్రుమని ఏదో మోగి ఆగింది. గదిలో జాన్సన్ మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ల కుర్రాడు, తనూ డీజే నడిపేవాడే. సోఫాలో తల ఉండేచోట చిన్న మైకు నిలబెట్టి దాన్ని లాప్‌టాప్‌కు కలిపాడు.

"రా అన్నా, నమస్తే," అని లేచాడు జాన్సన్. మాటలో వెటకారం ఏమీ లేదు. అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

"ఈయనను నేనే పిలిచిన పరమేశ్," అంది రాహేలు టీచర్. కుర్చీలో నిటారుగా కూర్చుంది, కళ్లజోడు ముక్కు మీదికి జారి ఉంది. "నీ మీద కోపంతోటి కాదు. నువ్వు మంచిగున్నదంటవు. నాకేమో అరగంట సినిమా చూస్తే తలనొప్పి లేస్తుంది. ఎవరి మాట నిజమో ఇంకొకరు చెప్పాలె గద."

"నేను అప్పుడే చెప్పిన," అన్నాడు సాల్మన్ రాజు. "పెద్దవి తీసుకుందామంటే విన్నరా?"

జాన్సన్ లాప్‌టాప్‌ను పరమేశ్ వైపు తిప్పాడు. తెర మీద ఒక గీత. ఎడమవైపు కొంచెం గుట్టలా లేచి, మధ్యలో చదునుగా నడిచి, కుడివైపు వెళ్లేసరికి ఖిల్లా గోడలా నిట్టనిలువునా లేచింది.

"చూడన్నా, సన్నటి సౌండ్ అంత ఇక్కడ ఎంత పైకి పోయిందో. స, శ, చ, గివన్ని చెవులల్ల గుచ్చుతున్నయ్. సెట్టింగ్‌ల ట్రెబుల్ ఏమన్న పెంచినవా?"

ఆ గీత చూడగానే పరమేశ్‌కు సంగతి అర్థమైంది. చెవికి తెలియనిది కంటికి తెలుస్తోంది. ఆ గోడను తనే, తన చేత్తోనే, రెండుసార్లు వచ్చి కట్టాడు. ముగ్గురూ అతనికేసే చూస్తున్నారు.

"లేదు," అన్నాడు. "కంపెనీ సెట్టింగే."

"అయితే పీసుల్నే ఏదో లోపమున్నది," అన్నాడు జాన్సన్. రిమోటు బల్ల మీదే ఉంది, జాన్సన్ తీసి చూడలేదు. పెద్దవాడి మాట నమ్మేశాడు. "సెంటర్‌ది మార్చాల్సొస్తది సార్. దాంట్ల సన్న సౌండ్ ఇచ్చేది ఖరాబైంది."

"నాకైతే మాట మంచిగనే వస్తుంది," అన్నాడు పరమేశ్. తన గొంతు తనకే పెద్దగా అనిపించింది. "మాట అర్థమైతలేదా టీచర్ మీకు? మిషన్లు గట్లనే చూపిస్తయి. చెవుల మీద పోవాలె."

రాహేలు టీచర్ జారిన కళ్లజోడు పైకి నెట్టుకుంది. తర్వాత లేచి, అల్మారాలోంచి నాలుగు తెల్లకాగితాలూ నాలుగు పెన్నులూ తెచ్చింది.

"సరే, చెవుల మీదనే పోదాం. డిక్టేషన్ పెడుత. సినిమాల ఒక్క సీను పెడుత, రెండుసార్లు. ఎవరికి వినబడ్డది వాళ్లు రాయాలె. పక్కోళ్లది చూడొద్దు."

సాల్మన్ రాజు నవ్వాడు. "ఈ వయసుల నాకు పరీక్ష పెడుతున్నవా?"

ఆమె నవ్వలేదు. పరమేశ్ చేతికి కాగితం వచ్చింది. వేళ్ల తడికి అంచు మెత్తబడింది. ఏదో ఒక పని ఉందని వెళ్లిపోవచ్చు. ఫోన్ వచ్చినట్టు లేవచ్చు. కానీ జాన్సన్ అప్పటికే కాగితం ఒళ్లో పెట్టుకున్నాడు, టీచర్ రిమోటు తీసుకుంది.

తెర మీద పోలీస్ స్టేషన్. ఇద్దరు మనుషులు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఒకతని మొహం చీకట్లో ఉంది, రెండో అతను వెనక్కి తిరిగి ఉన్నాడు. పెదవులు కనబడితే పరమేశ్ ఎంతో కొంత పట్టేవాడే. కొన్ని నెలలుగా అలాగే నెట్టుకొస్తున్నాడు. ఇక్కడ పెదవులు లేవు. గొంతు వినబడుతోంది, ఎత్తుపల్లాలు వినబడుతున్నాయి, అచ్చులు వినబడుతున్నాయి. మాటల అంచులు మాత్రం కొరికేసినట్టు పోతున్నాయి. రాశాడు. రెండోసారి విని, ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాశాడు.

టీచర్ నాలుగు కాగితాలూ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. అలవాటు చొప్పున ఎర్రపెన్ను తీసింది. ముందు తనది, తర్వాత భర్తది, తర్వాత జాన్సన్‌ది చూసింది. వాళ్ల ముగ్గురివీ దాదాపు ఒకటే. సినిమాలో మనిషి అన్నది ఇది: "సాక్షి చచ్చిపోయాడు సార్. ఫైలు మన చేతికి వచ్చేసరికి కాగితాలు ఖాళీ. సంచిలో పెట్టింది ఎవరో చెప్పమంటే అందరూ తలుపులు వేసుకున్నారు."

నాలుగో కాగితం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. దాని మీద ఇలా ఉంది: "రాత్రి వచ్చిపోయాడు సార్. పైన మన చేతికి వచ్చేసరికి కాగితాలు గాలి. మంచిగా పెట్టింది ఎవరో చెప్పమంటే అందరూ తలుపులు వేసుకున్నారు."

ఒక్క మాట కూడా అర్థంలేనిది కాదు. వినబడని చోటల్లా ఏదో ఒక అర్థమున్న మాట పెట్టి పూడ్చేశాడు. చచ్చిపోయిన మనిషి వచ్చిపోయాడు.

ఆమె ఎర్రపెన్ను మూత పెట్టేసింది. ఒక్కసారి పరమేశ్ మొహంలోకి చూసి, ఆ కాగితాన్ని మిగతావాటి కిందికి నెట్టింది.

"ఏమైంది రాహేలూ? ఎవరికి ఎన్ని మార్కులు?" అన్నాడు సాల్మన్ రాజు.

"మాట అర్థమైతుంది. కాని చెవులు మంట లేస్తున్నయ్," అంది ఆమె.

"గంతే సార్, పీసు మార్చాలె," అన్నాడు జాన్సన్. సాల్మన్ రాజు ఫోన్ తీశాడు. "పరమేశ్ తమ్మీ, డీలర్‌కు నువ్వు చేస్తవా, నేను చెయ్యాల్నా? ఖరాబ్ మాల్ ఇచ్చిండని గట్టిగనే అడుగుత. ఊళ్ల నలుగురికి చెప్పుత ఆ కంపెనీది కొనొద్దని."

పరమేశ్ టీవీ కింద చెక్కబల్ల లోపల, అద్దాల తలుపు వెనక కూర్చున్న ఆ స్పీకర్‌ను చూశాడు. ఊరుకుంటే సరిపోతుంది. స్పీకర్ ఖరాబు, కంపెనీ ఖరాబు. కొత్తది వస్తుంది, ఆ రోజు వచ్చి ట్రెబుల్ గుట్టుగా తగ్గించేస్తే టీచర్‌కు బాగుందనిపిస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు. టీచర్‌కు తెలిసినా ఆమె కాగితం దాచేసింది. దాచిందంటే చెప్పదన్నమాటే.

చెప్పదని తెలిశాకే ఊరుకోవడం అతని వల్ల కాలేదు. ఆమె తన కోసం దాచింది. తను మాత్రం ఆమె ఎదుటే నిలబడి, ఏ తప్పూ లేని వస్తువు మీద నేరం మోపుతుంటే చూస్తున్నాడు. ఆ వస్తువును ఎంచి, వాదించి, ఈ ఇంట్లో పెట్టించింది తనే.

"సార్, ఫోన్ చెయ్యకుండ్రి," అన్నాడు.

"ఏం?"

"స్పీకర్ మంచిదే." పరమేశ్ జాన్సన్ వైపు తిరిగాడు. "జాన్సన్, నీకు అబద్ధం చెప్పిన. ట్రెబుల్ నేనే పెంచిన. రెండుసార్లు పెంచిన. నాకు వినబడక పెంచిన. నా చెవులు మంచిగ లేవు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడారో లేదో నిర్ధారించుకోవడానికి పరమేశ్ ముగ్గురి పెదవులూ చూశాడు. మాట్లాడలేదు.

ముందుగా కదిలింది రాహేలు టీచర్. ఆమె ఓదారుస్తుందని అతను మనసులో ఎక్కడో అనుకున్నాడు. ఆమె గొంతు కఠినంగా ఉంది.

"మరి రెండుసార్లు వచ్చి ఫస్ట్ క్లాస్ అన్నవు. ఏ చెవులతోటి అన్నవు పరమేశ్?"

ఆమె కాగితాలను బల్ల మీద పెట్టింది.

"తలనొప్పి లేస్తుందంటే నా వయసనుకున్న. బీపీ గోలీ మార్పించుకున్న. మా ఆయనేమో మీ చెవులు పోయినయ్ టీచరమ్మ అని నన్ను ఆటపట్టిస్తుండు. నువ్వు ఎదురుంగ నిలవడి చూసినవు."

"తప్పైంది టీచర్."

"తప్పే." ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "సరే. ఇప్పుడు దీన్ని ఎవరు మంచిగ చేస్తరు? నువ్వా, జాన్సనా?"

సాల్మన్ రాజు జాన్సన్ వైపు చూశాడు. జాన్సన్ నేలకేసి చూస్తున్నాడు. పరమేశ్ ఒక అడుగు ముందుకేశాడు.

"నేనే చేస్త. ఏం చెయ్యాల్నో నాకెరుక. మంచిగైందో కాలేదో చెప్పుడే నా తోటి కాదు. అది మీరు చెప్పుండ్రి. నా మాట నమ్మకుండ్రి."

టీచర్ రిమోటు అతని చేతికిచ్చింది. "చెయ్యి," అంది.

ముందు ట్రెబుల్‌ను మళ్లీ సున్నాకు తెచ్చాడు. జాన్సన్ లాప్‌టాప్ చూసి తల ఊపాడు, కుడివైపు గోడ కూలింది. కానీ ఎడమవైపు, లావు సౌండ్ ఉండేచోట, గుట్ట అలాగే ఉంది. అసలు మొదటిరోజు చెయ్యాల్సిన పని అదేనని పరమేశ్‌కు అప్పుడు కొట్టొచ్చినట్టు కనబడింది. స్పీకర్ అద్దాల అర లోపల కూర్చుని ఉంది. మాట ఆ డబ్బాలో గింగురుమని, గుహలోంచి వచ్చినట్టు బయటికొస్తోంది. దాన్ని బయటికి తియ్యాల్సింది పోయి సెట్టింగులతో సరిపెట్టాడు. అరలో పెట్టాలన్నది సాల్మన్ రాజు ముచ్చట, కొత్తగా చేయించిన బల్ల అందం చెడుతుందని.

"సార్, ఇది బయటికి రావాలె," అన్నాడు.

"అద్దాలు ఎందుకు చేయించుకున్నట్టు మరి?"

"సామాన్లు పెట్టుకోనీకి," అంది రాహేలు టీచర్.

పరమేశ్, జాన్సన్ కలిసి దాన్ని ఎత్తి బల్ల పైన, ముందు అంచుకు ఆనించి పెట్టారు. స్పీకర్ ఇంకా కూర్చున్నవాళ్ల మోకాళ్లకేసి చూస్తోంది. మొహానికేసి చూడాలి. దాని కింద పెట్టడానికి ఏమైనా కావాలని పరమేశ్ అడిగితే టీచర్ సొరుగులోంచి రెండు రబ్బర్లు తెచ్చింది, పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునేవి. వాటిని ముందు కాళ్ల కింద పెడితే స్పీకర్ కొద్దిగా తలెత్తింది. టేపు పెట్టి, సోఫా నుంచి మూడు స్పీకర్లూ ఎంతెంత దూరమో కొలిచి, స్పీకర్లను నడిపే రిసీవర్ పెట్టెలో ఎక్కించాడు. నున్నటి టైల్స్ నేల మీద కింది గదిలోని జంపఖానా పరిపించాడు. కిటికీ అద్దానికి మందపు కర్టెన్ లాగించాడు.

తర్వాత అసలు కష్టం మొదలైంది. సినిమా నడుస్తోంది. సెంటర్ స్పీకర్ సౌండ్ ఒక్కొక్క మెట్టూ మారుస్తూ పరమేశ్ తెరకు వీపు చేసి నిలబడ్డాడు. మోగేదాన్ని వినడం మానేసి, వినేవాళ్ల మొహాలు చూడటం అతను జీవితంలో ఎప్పుడూ చెయ్యలేదు. టీచర్ కనుబొమల మధ్య ముడి ఉంది. ఒక మెట్టు పెంచాడు, ముడి విప్పుకుంది. ఇంకో మెట్టు పెంచాడు, సాల్మన్ రాజు మెడ వెనక్కి పోయింది. తగ్గించాడు.

"ఆగు," అంది టీచర్. "గక్కడ్నే ఉంచు."

"పాట వస్తే మాట మునిగిపోతలేదు గద?"

"లేదు."

"నిజం చెప్పుండ్రి టీచర్."

"నేను నీకు అబద్ధమెందుకు చెప్పుత?" అంది ఆమె. ఆ మాట అతనికి తగలాల్సిన చోటే తగిలింది.

ఇంకో సీను పెట్టి మళ్లీ డిక్టేషన్ రాశారు. ఈసారి ముగ్గురే. మధ్యలో వానా ఉరుములూ ఉన్నా మూడు కాగితాలూ ఒక్కలాగే వచ్చాయి, సాల్మన్ రాజు ఒక ఒత్తు తప్పు రాయడం తప్ప. అది స్పీకర్ తప్పు కాదని టీచర్ ఎర్రపెన్నుతో సున్నా చుట్టింది. ఆయన నవ్వాడు. గదిలో ఆ పూటకు మొదటిసారి గాలి కదిలినట్టయింది.

బ్యాగు సర్దుకుంటుంటే టీచర్ దగ్గరికొచ్చింది. పరమేశ్‌కు మొహం కనబడేలా ఎదురుగా నిలబడింది.

"డాక్టర్‌కు చూపించుకునేదాక ఇంకొకరి ఇంట్ల ఒంటరిగ ఈ పని చెయ్యకు. నేను ఎవరికీ చెప్ప. చెప్పుడు నీ పని."

కింద గేటు దగ్గర జాన్సన్ బండి స్టార్ట్ చెయ్యకుండా కూర్చుని ఉన్నాడు. ఊరంతా టముకు వేస్తాడేమోనని పరమేశ్‌కు భయం.

"అన్నా, నీకు గిట్ల కాకముందు ఏమన్న తెలిసిందా?" అన్నాడు జాన్సన్.

"ఏం తెలిసేది?"

"నాకు నిమజ్జనం అయినంక చెవులల్ల గుయ్యిమంటది. పోయినేడు రెండు రోజులకే తగ్గింది. ఈసారి ఇంక తగ్గలే."

పరమేశ్ అతన్ని చూశాడు. తన ముప్పయ్యో ఏట తనకూ అలాగే మోగేది. అప్పుడు దాన్ని నిషా అనుకున్నాడు, పని బాగా చేసిన గుర్తు అనుకున్నాడు.

"నాతోటి నువ్వు భీ దవాఖానకు రా," అన్నాడు. జాన్సన్ బండి స్టార్ట్ చేశాడు. హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లి యాదలక్ష్మికి చెప్పడం టీచర్ ముందు చెప్పడం కన్నా కష్టమైంది. ఆమె బియ్యం ఏరుతోంది. అంతా విని చేట పక్కన పెట్టింది.

"బయటోళ్లకు చెప్పినంక నాకు చెప్తున్నవా?"

"భయమైంది."

"ఏడాది సంది పిలిస్తే పలుకుతలేవు. మనసుల ఏం పెట్టుకున్నవోనని, నేనేం తప్పు చేసిన్నోనని ఎన్ని దినాలు ఏడ్చిన్నో ఎరుకనా నీకు? చెవులు వినబడుతలేవని ఒక్క మాట అంటే నీ నోటి ముత్యాలు రాలుతుండెనా?"

అతను ఏదో అనబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. మర్నాడు పొద్దున మాత్రం తనే చీర మార్చుకుని, బస్సు చార్జీలకు పర్సు తీసుకుని గడపలో నిలబడింది.

హైదరాబాద్ దవాఖానలో అతన్ని చిన్న గాజుగదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతిలో బటన్ పెట్టారు. పరీక్ష చేసే అమ్మాయి పేరు నిస్సి అని కోటు మీద ఉంది. సౌండ్ ఎంత చిన్నగా వినబడినా నొక్కమంది. మొదట లావు సౌండ్లు వచ్చాయి, వెంటవెంటనే నొక్కాడు. తర్వాత ఏమీ రాలేదు. కానీ అద్దంలోంచి నిస్సి భుజం కదలడం కనబడింది. ఆమె సౌండ్ పంపినప్పుడల్లా భుజం కొంచెం ముందుకు వస్తోంది. పరమేశ్ వేలు దానంతట అదే బటన్ మీద బిగుసుకుంది. ఒకసారి నొక్కేశాడు కూడా. అద్దం అవతల బెంచీ మీద యాదలక్ష్మి తనకేసే చూస్తోంది.

అతను కుర్చీని గోడవైపు తిప్పుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత చాలాసేపు నొక్కలేదు.

పోయింది తిరిగి రాదని డాక్టర్ చెప్పాడు. ఉన్నది కాపాడుకోవాలన్నాడు. రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టుకుంటే ఎదుటివాళ్ల మాట మాత్రం పట్టుకోవచ్చన్నాడు. అలవాటు పడేదాకా ఓపిక కావాలన్నాడు. మిషన్లకు చెవుల కొలతలు ఇచ్చి తిరుగు బస్సెక్కారు.

నర్సాపూర్ అడవిలో బస్సు నెమ్మదించింది. పరమేశ్ ఫోన్ తీసి టేక్మాల్‌లో సోమవారం పనికి ఒప్పుకున్న ఎల్లం అనే ఆసామికి చేశాడు.

"అన్నా, సౌండ్ పరమేశ్‌ను. సోమవారం వస్త గని ముందుగాల ఒక మాట చెప్పాలె. నాకు సన్న సౌండ్ వినబడుతలేదు. స్పీకర్లు ఎక్కడ పెట్టాల్నో ఎట్ల పెట్టాల్నో నేను చూసుకుంట. వినేతందుకు ఇంకొకలను తోలుకొస్త. వద్దంటే వద్దనుండ్రి, నేనేం అనుకోను."

ఆ ఇంకొకరు ఎవరో అతనింకా తేల్చుకోలేదు. అవతల ఏదో మాట వచ్చింది. ఇంజను చప్పుడులో కలిసిపోయింది. ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. తర్వాత దాన్ని యాదలక్ష్మికి ఇచ్చాడు.

"ఏమంటుండు?"

ఆమె వింది. తల ఊపుతూ, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా వింది. ఫోన్‌ను చేత్తో మూసి భర్త వైపు తిరిగి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"ఆలోచించుకుంటడట. ఆ వినేటోడు ఎవలని అడుగుతుండు. ఇంక లైన్లనే ఉన్నడు, నువ్వే చెప్పు."